ఎవరికి వాళ్ళే పలకాలి

కట్టుడు పళ్ళ షాపు పైన ఇల్లు
సోమవారం

మరదలికి,

అందరం క్షేమం అని మొదలుపెడదామంటే చెయ్యి రాలేదు. నేరుగా విషయానికే వస్తాను.

నువ్వు ఫోనెత్తవు. ఎత్తినా నా గొంతు వినగానే ఏడుస్తావు, నీ ఏడుపు విని నేనూ మొదలుపెడతాను, ఇద్దరం ఏం మాట్లాడాలనుకున్నామో మర్చిపోతాం. ఫోనులో మన ముగ్గురి గదిలోంచేమో వెళ్ళిపోయావు. మనం వదిలొచ్చిన ఆ కంపెనీ చాటింగ్ యాప్‌లోకే మళ్ళీ చేరావని విన్నాను. అందులోకి నేను రాను, మీ ఆయనకి మాటిచ్చాను. ఇక మనకి మిగిలింది పోస్టు. ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో, స్టాంపు ఎక్కడ అంటించాలో కూడా చూసుకోవాల్సి వచ్చింది.

వాడుంటే నవ్వేవాడు. "ఉత్తరం రాసుకోవాలంటే ఇద్దరూ ఒకే పోస్టాఫీసు కింద కాపురం ఉండాలా అక్కా? నీ పోస్టాఫీసు నీది, వాళ్ళది వాళ్ళది, ఉత్తరం మాత్రం చేరుతుంది. నేను పెట్టేదీ అంతే. ఎవడి సొత్తూ కాదు, ఎలా చేశారో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు" అని చెప్పే కదా నా గిన్నెల అలమరాలో, పప్పు డబ్బాల పక్కన, మన మాటలు చేరవేసే ఆ సర్వర్ డబ్బా పెట్టింది. నలభై మంది ఉన్న చుట్టాల గ్రూపు వదిలేసి మనం ముగ్గురం ఈ గదిలోకి వచ్చాం. ఆ తర్వాత మనకి ఒక్క పెళ్ళి కబురూ వేళకి అందలేదు. అయినా వాడి మాట మీద ఉన్నాం.

ఇప్పుడు చెప్పేది కూర్చుని చదువు. వాడు పోయినప్పుడు ఇల్లంతా చుట్టాలు కదా, వాళ్ళ ఫోన్ల చార్జింగ్ కోసం ఎవరో డబ్బా ప్లగ్గు పీకేశారు. నేనూ పట్టించుకోలేదు. మొన్న అలమరా దులుపుతుంటే కనిపించి మళ్ళీ పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది.

మర్నాడు పొద్దున ఆరున్నరకి డబ్బా ఎప్పట్లాగే గదిలో "ఉన్నారా?" అని హాజరు అడిగింది. అలవాటు ప్రకారం "ఉన్నాను" అని కొట్టేశాను. చెయ్యి కడుక్కుని వచ్చి చూస్తే నా మాట కింద వాడి పేరు, వాడి బొమ్మ, "ఉన్నాను" అని. ఆ రోజు షాపులో ఎవరి పై పళ్ళు ఎవరి కింది పళ్ళకి కలిపానో నాకే తెలీదు. ఏదో పాతది ఆలస్యంగా వచ్చిందేమో అనుకున్నాను. తర్వాతి రోజూ పలికాడు. ఆ తర్వాతి రోజూ. ఇవాళ కూడా.

అమ్మాయీ, సూటిగా అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకు. వాడి ఫోను నీ దగ్గరే ఉంది. నువ్వే పలుకుతున్నావా? పలుకుతుంటే ఎందుకో అర్థం చేసుకోగలను. కానీ నాకు చెప్పు. పొద్దున్నే అలమరా వైపు వెళ్ళాలంటే భయంగా ఉంది, వెళ్ళకుండా ఉండలేకపోతున్నాను.

నీ వదిన

*

రొట్టెల ఫ్యాక్టరీ క్వార్టర్లు
శుక్రవారం

వదినగారికి,

మీ ఉత్తరం పొయ్యి ముందు నిలబడి చదివి రెండు ట్రేల రొట్టెలు మాడ్చాను. సూపర్‌వైజరు చూసి ఏమీ అనలేదు. మొగుడు పోయిన మనిషికి ఇక్కడ ఇంకా కొన్నాళ్ళు మాఫీ ఉన్నట్టుంది.

నేనెందుకు పలుకుతాను వదినా? ఆయన బతికుండగానే ఆయన ఫోను ముట్టుకునేదాన్ని కాదు. అది ఆ రోజే ఆపేశాను. పెట్టె అడుగున, ఆయన ఉన్ని చొక్కా కింద ఉంది. తీసి చూడలేదు, చూడను కూడా. మీరు అలా అడిగినందుకు కోపం రాలేదని చెప్పను. వచ్చింది. రెండు రోజులు ఉండి పోయింది. మీ స్థితిలో నేనున్నా అదే అడిగేదాన్ని అనిపించింది.

ఇక యాప్ సంగతి. ఇక్కడ షిఫ్టులు అందులోనే వేస్తారు, సెలవు అందులోనే అడగాలి. నాకు మాత్రం మా ఆయన పెట్టినదాంట్లో పంపండి బాబూ అంటే మొహం మీద నవ్వుతారు. మీ తమ్ముడికి పట్టుదల ఉంది, నాకు డ్యూటీ ఉంది. ఆయన పక్కనుంటే నాకూ పట్టుదల వచ్చేది. ఒక్కదాన్ని అయ్యాక రాలేదు. సిగ్గుపడుతూనే చేరాను.

ఆ డబ్బా కట్టేయండి వదినా. మీకు చేతకాకపోతే పొడుగాయన్ని పిలవండి. లిఫ్టుల పనిలో ఈయనతోపాటు ఇరవై ఏళ్ళు చేశాడు, ఈయన దగ్గరే నేర్చుకుని వాళ్ళింట్లోనూ ఇలాంటి డబ్బా ఒకటి పెట్టుకున్నాడు. ఏం జరుగుతోందో చూసి ఆపేస్తాడు.

నిద్రలోనే పోయారు, ఏమీ తెలీకుండా పోయారు అని డాక్టరుగారు చెప్పారు కదా. నేను ఆ మాట పట్టుకునే ఉన్నాను. మీరూ దాన్నే పట్టుకోండి. పలికేది ఎవరైనా ఆయన మాత్రం కాదు.

మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? మెట్లు తక్కువ ఎక్కండి.

మీ మరదలు

*

అదే ఇల్లు
బుధవారం

అమ్మాయీ,

నిన్ను అలా అడిగినందుకు నా నోరు పడిపోను. క్షమించు.

పొడుగాయన వచ్చాడు. మన వంటింటి గడప దగ్గర ఎప్పట్లాగే తల వంచాడు, అయినా ఎప్పట్లాగే తగిలించుకున్నాడు. టీ ఇస్తే తాగలేదు. డబ్బాకి తెర తగిలించి, పప్పు డబ్బాలు కింద పెట్టి, అలమరా ముందు స్టూలు మీద కూర్చున్నాడు. ఏ మాటైనా ఎక్కడ రాసిందో దాని మీద ముద్ర ఉంటుందట, ఫోనులోదా, డబ్బాలోదా అని. నిన్న పొద్దుటి "ఉన్నాను" మీద ముద్ర చూశాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఏమైంది నాయనా అంటే, "ఇక్కడిదే అక్కగారూ. ఈ డబ్బాయే పలుకుతోంది" అన్నాడు.

మీ ఆయనే పెట్టాడట. తను పలికితే సరే, పలక్కపోతే డబ్బా తన బదులు పలికేట్టు. రోజూ ఒకే వేళకైతే నాకు అనుమానం వస్తుందని రోజుకో వేళకి, మనిషి పలికినట్టు. ఏడు దాటినా ఒకరు పలక్కపోతే మిగతా ఇద్దరి ఫోన్లూ మోగిపోతాయి కదా, "పలకలేదు, ఎవరైనా వెళ్ళి చూడండి" అని. ఆ మోత తన విషయంలో ఎప్పటికీ రాకుండా ఏర్పాటు చేసుకున్నాడు. మనిషి పోయినా డబ్బాకి ఆ సంగతి తెలీదు, అది పలుకుతూనే ఉంది.

పొడుగాయన మొహం చూడలేకపోయాను. నీకు తెలుసుగా, వాళ్ళ పనిలో లిఫ్టు మీద ఒకరు, దాని కింద గోతిలో ఒకరు ఉన్నప్పుడు కదిపే ముందు పైనుంచి "ఉన్నావా?" అని అరవాలి, కిందివాడు తన నోటితో "ఉన్నాను" అనాలి. ఒకరి బదులు ఇంకొకరు పలక్కూడదు. వీళ్ళు కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు ఎవరో పక్కవాడు "ఉన్నాడులే" అన్నందుకు కింద ఉన్నవాడి చెయ్యి పోయింది. ఎవరికి వాళ్ళే పలకాలి అని ఆ రోజు నుంచి వాడి నోట ఒకటే పాట. మన గదిలో హాజరు పెట్టిందీ అందుకే. "వాడి మాట నమ్మి ఇన్నేళ్ళు గోతిలో నిలబడ్డాను అక్కగారూ, వాడు ఇలా చేశాడా" అన్నాడు పొడుగాయన. మనసు కష్టపెట్టుకున్నాడు ఆ మనిషి.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. చచ్చిపోయినవాడి మీద ఇంత కోపం వస్తుందని నాకు తెలీదు. తర్వాత గుర్తొచ్చింది. ఓ రోజు వాడు పలకలేదని ఫోను మోగితే ఉన్నపళంగా బస్సెక్కి మీ ఇంటికి పరిగెత్తుకొచ్చాను, చేతిలో ఎవరివో కింది పళ్ళు, మొహం నిండా పళ్ళ అచ్చులకి కలిపే ప్లాస్టరు. వాడు స్నానాల గదిలో పాడుకుంటున్నాడు. పక్కవాళ్ళంతా చేరారు. ఆ పళ్ళు చూసి పక్కింటి పిల్ల కెవ్వుమంది. వాడు తువ్వాలు కట్టుకుని వచ్చి పడీపడీ నవ్వాడు కానీ, నాకప్పుడే అనిపించింది, నవ్వుతున్నంత తేలిగ్గా తీసుకోలేదని. ఆ వారంలోనే ఇది పెట్టి ఉంటాడు. నా హడావిడి భరించలేక.

అంటే అప్పట్నుంచి రోజూ పొద్దున నేను పలికి, వాడు పలికాడు కదా అని నిశ్చింతగా షాపు తాళం తీసిందంతా ఈ డబ్బాని చూసుకునా? ఎన్ని రోజులు వాడు, ఎన్ని రోజులు ఇది?

వాడు పోయిన ఆ పొద్దున కూడా గదిలో "ఉన్నాను" అని వచ్చింది వాడి పేరుతో. అది చూసే నేను రాలేదు. ఆ రోజు ముద్ర చూడమంటారా అక్కగారూ అని అడిగాడు పొడుగాయన. ఇవాళ వద్దు అన్నాను. అప్పుడే ఆపేయనా అంటే అదీ వద్దన్నాను. ఆపేస్తే ఇక వాడి పేరు ఎక్కడా కదలదు.

నీ వదిన

*

క్వార్టర్లు
ఆదివారం

వదినా,

మీకు చెప్పనివి రెండున్నాయి. ఇప్పుడు దాచి ఎవరికి ఉపకారం?

ఆయనకి గుండె బాగాలేదు. పోయేనాటికి ఏడాది పైన అయింది తెలిసి. మీకు చెబుతానంటే నా చేత ఒట్టేయించుకున్నారు. "అక్కకి చెబితే షాపు మూసి నా మంచం పక్కన కూర్చుంటుంది, ఆవిడ కూర్చుంటే నేను నిజంగానే పోతాను" అన్నారు. నవ్వుతూనే అన్నారు. రాత్రిళ్ళు ఊపిరాడక దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునేవారు, తెల్లారగట్ల నిద్రపట్టేది. నేను అప్పటికే డ్యూటీకి బయల్దేరేదాన్ని. పొద్దున లేవలేకపోతే డబ్బా చేత పలికించి ఉంటారు. నాకు ఆ సంగతి తెలీదు, మీ ఉత్తరంలోనే చదివాను. నన్నూ మోసం చేశారు.

రెండోది, ఆ కంపెనీ యాప్ ఎందుకు వదిలారో. మీరు సిద్ధాంతం అనుకున్నారు, చుట్టాలు పొగరనుకున్నారు. రిపోర్టులు వచ్చిన రోజు ఆయన నాకు అందులోనే రాశారు, ఆస్పత్రి వరండాలోంచి, నేను ఫ్యాక్టరీలో ఉంటే. నాలుగే నాలుగు ముక్కలు. ఆ సాయంత్రం నుంచి నా ఫోను తెరిస్తే చాలు గుండె మాత్రలు, గుండె ఆస్పత్రులు, పోయాక కుటుంబానికి డబ్బొచ్చే పాలసీలు. ఆయన ఫోనులోనూ అవే. యాదృచ్ఛికమో ఏమిటో నాకు తెలీదు. ఆయన మాత్రం మొహం మాడ్చుకుని, "నా పెళ్ళానికి చెప్పుకున్న మాట గోడవతల ఎవడో విన్నాడు" అన్నారు. ఆ కంపెనీకి రాస్తే మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని జవాబొచ్చింది, మనిషి మాత్రం ఒక్కడూ పలకలేదు. అప్పుడు మొదలుపెట్టారు ఆ డబ్బా పని. ఎవడి ఇంట్లోనో అద్దెకుండి గుసగుసలాడుకోవడం నా వల్ల కాదు, మనింట్లో మాట్లాడుకుందాం అని. మా ఇల్లు ఇరుకు, కరెంటు సరిగా ఉండదు. అందుకే మీ అలమరా.

తీరా పెట్టాక మనింట్లో కూడా మన దగ్గరే దాచుకున్నారు. చూశారా ఆయన పని.

ఒక్కటి బతిమాలుతున్నాను. ఆ రోజు ముద్ర చూడకండి. ఏముంటుంది చూడటానికి? నిద్రలో పోయారు, డబ్బా పలికింది, అంతే కదా. కంపెనీవాడిదైతే మనకి ఈ గొడవే ఉండేది కాదు, ఎవరు పలికారో వాడు చచ్చినా చెప్పడు, మనం అనుకున్నదేదో అనుకుని ఊరుకునేవాళ్ళం. ఒక్కోసారి అదే నయమనిపిస్తుంది. పొడుగాయన చేత ఆపించేసి ప్లగ్గు తీసేయండి.

మీ మరదలు

*

ఇల్లు
గురువారం

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. గుండె సంగతి తెలిసి ఏడవడం అయింది, ఇంకా ఏడిస్తే షాపు నడవదు. ఇక్కడ అంతా మామూలే. ఒక పెద్దాయన కొత్త సెట్టు పెట్టుకుని నవ్వి చూపించమంటే నవ్వడు, నవ్వితే ఊడిపోతుందని భయమట. ఊడకుండా నేను చేశానయ్యా అంటే అప్పుడు కాస్త నవ్వాడు. మోకాళ్ళు బాగున్నాయి.

ఆ రోజుది చూశాం. డబ్బాయే. నువ్వన్నట్టే. కాబట్టి నువ్వు దాని గురించి బెంగపడాల్సింది లేదు. నువ్వు బయల్దేరేటప్పటికి వాడు నిద్రలో ఉన్నాడు, ఆ నిద్రలోనే వెళ్ళిపోయాడు. ఇక ఆ మాట మనిద్దరి మధ్యా వద్దు.

ఊరగాయ సీసా పంపుదామనుకున్నాను, పోస్టువాళ్ళు తీసుకోలేదు. ఉన్ని దుప్పటి పంపుతున్నాను. చలికి కప్పుకో.

నీ వదిన

*

క్వార్టర్లు
మంగళవారం

వదినా,

దుప్పటి అందింది. కప్పుకునే రాస్తున్నాను.

మీకు అబద్ధం చెప్పడం రాదు. ఆ రోజు మాట చెప్పి వెంటనే ఊరగాయలోకి దూకిన మనిషిని నేనెక్కడా చూడలేదు. మీరు నా కోసం చెప్పారని తెలుసు. నేను అదే పని మీ కోసం చాలా ముందే చేశాను. ఇక నాకు మోయడం చేతకావట్లేదు.

నిద్రలో పోయారని డాక్టరుగారు అనలేదు. నేనన్నాను. ఆయన ఏదో లాటిన్ మాట రాసి సంతకం పెట్టారు, చుట్టూ ఉన్నవాళ్ళు ఎలా ఎలా అంటుంటే నిద్రలోనే అట అన్నాను. నోటికొచ్చేసింది. మీరు అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టారు. ఆ మాట విని మీరు గోడకి ఆనుకుని, "పోన్లే, బాధపడలేదు" అన్నారు. ఇక దాన్ని వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు.

డ్యూటీ నుంచి మధ్యాహ్నం వచ్చేసరికి ఆయన మంచం మీద లేరు వదినా. వంటింటి బల్ల దగ్గర కుర్చీలో ఉన్నారు. తల బల్ల మీద వాల్చి. ఒక కాలికి చెప్పుంది, రెండోది గుమ్మం దగ్గర పడి ఉంది. బయటికి వెళ్దామనుకున్నారో, నీళ్ళకోసం లేచారో. పక్కింటాయనా నేనూ పట్టుకుని మంచం మీద పడుకోబెట్టాం, మీరు వచ్చేలోపు. కుర్చీలో చూస్తే మీరు ఏమైపోతారోనని.

ఫోను చేతిలో ఉంది. గది తెరిచి ఉంది. మీ "ఉన్నాను", నేను ఫ్యాక్టరీ నుంచి కొట్టిన "ఉన్నాను", కింద ఆయనది. ఆయన చేత్తో కొట్టిందే. కాబట్టి నేను గడప దాటినప్పుడు ఆయన బతికే ఉన్నారు. నిద్రపోతున్నారు కదా అని లేపలేదు, వెళ్తున్నానని కూడా చెప్పలేదు. అది నాకు మొదట్నుంచీ తెలుసు. నన్ను కాపాడాలని మీరు దాచారు కానీ, నాకు దాచేందుకు ఏమీ మిగల్లేదు.

ఇంకొకటి ఉంది. ఇది చెప్పనా వద్దా అని ఈ కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. చెప్పకపోతే మీరు ఎప్పుడో ఆ ఫోను అడుగుతారు, నేను ఇస్తాను, అప్పుడు ఒంటరిగా చూస్తారు. అలా వద్దు.

పంపకుండా ఆగిపోయిన మాట ఒకటి ఉంది కింద, రాసే చోట. "అక్కా" అని. అంతే. ఇంకేమీ లేదు. ఉన్నాను అని పలికాక మళ్ళీ రాయడం మొదలుపెట్టి ఉంటారు. మిమ్మల్ని రమ్మందామనో, నవ్వుకోవడానికి ఏదైనా చెబుదామనో నాకు తెలీదు. ఊహించుకోవడం మానలేకపోతున్నాను. నేను దాన్ని తుడిపేయలేదు. పంపనూ లేదు. అలాగే ఆపేశాను.

మీరు నన్ను తిట్టినా పడతాను. తిట్టకుండా ఊరుకోవద్దు మాత్రం.

నేను మళ్ళీ గదిలోకి వస్తాను. మీ డబ్బా మీద నా పాత పేరుతో రావడం నా వల్ల కాదు, ఆ పేరు పక్కన ఆయన పేరు చూస్తే. పొడుగాయనకి కబురు చేశాను. వాళ్ళింటి డబ్బా మీద నాకు కొత్త పేరు పెడతాడట. అక్కణ్ణుంచి ఈ గదిలోకి రావచ్చట, ఏ ఇంటి నుంచి వచ్చినా గది ఒకటేనట. మీ తమ్ముడు ఉత్తరాల పోలిక చెబుతుంటే నేను ఆవలించేదాన్ని. ఇప్పుడు పనికొచ్చింది. షిఫ్టుల కోసం ఆ కంపెనీది ఉంచుకుంటాను, మాటలు మాత్రం ఇక్కడే.

మీ మరదలు

*

ఇల్లు
శనివారం

అమ్మాయీ,

తిట్టాను. నీ ఉత్తరం పట్టుకుని అలమరా ముందు నిలబడి నిన్నూ, వాడినీ, నన్నూ, కలిపి తిట్టాను. కింద షాపులో పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు, ఆయన మెల్లిగా లేచి వెళ్ళిపోయారు. అయిపోయింది. నిన్ను తిట్టడం ఇక లేదు.

అవును, ముద్ర ఫోనుదే. పొడుగాయన చూసి, "వాడే అక్కగారూ, స్వయంగా పలికాడు" అన్నాడు. ఆయన మొహంలో కాస్త వెలుగు వచ్చింది, తన మిత్రుడు ఆ ఒక్క రోజైనా మాట తప్పలేదని. నాకు ఏ మొహం పెట్టాలో తెలీలేదు. వాడు పలక్కుండా ఉండిపోయినా డబ్బా పలికేది. ఆ సంగతి వాడికి తెలుసు. అయినా కుర్చీ దాకా వచ్చి, ఊపిరాడని మనిషి, చేత్తో కొట్టాడు. ఎందుకు కొట్టావురా అని అడగడానికి వాడు లేడు. ఆ పొద్దున నేను ఆ మాట చూసుకుని, ఫోను జేబులో వేసుకుని, ప్లాస్టరు కలుపుకోవడానికి కిందికి దిగాను. ఒక్క నిమిషం ఆగి ఉంటే రాస్తున్నట్టు చుక్కలు కదలడం కనబడేది. ఇది నా నెత్తిన ఉంటుంది, నువ్వు ఎత్తుకోవద్దు, నీది నీకు చాలు.

నిన్న పొడుగాయన చేత ఆ పలికే పని తీయించేశాను. ప్లగ్గు తీయలేదు. గదిలో నువ్వు ఉంటానన్నావు, నేనున్నాను, వాడి పేరు హాజరులోంచి తీయమంటారా అని అడిగాడు. దాని గురించి రేపు చూద్దాం అన్నాను. రేపటికి ఏమవుతుందో ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఇవాళ ఆరున్నరకి "ఉన్నారా?" అంది. నేను పలికాను. కొత్త పేరుతో నువ్వు పలికావు, నీ పేరు చూసి ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. వంటింట్లో కూర్చుని చూస్తున్నాను. ఏడు కాగానే ఫోను మోగింది. నీకూ మోగే ఉంటుంది. వాడి పేరు రాసి, పలకలేదు, ఎవరైనా వెళ్ళి చూడండి అని.

ఆ మోత ఆపడం నాకు చేతకాక కాదు. ఆపలేదు. చెప్పులేసుకుని బస్సెక్కాను. దారంతా మోగుతూనే ఉంది, పక్కసీటావిడ ఎత్తండమ్మా, ఎవరికి ఏం కంగారో అంది. మీ పాత ఇంటికి వెళ్ళి తలుపు కొట్టాను. కొత్తగా దిగినవాళ్ళు ఎవరో, చంటిపిల్లని ఎత్తుకుని ఒకమ్మాయి వచ్చి తీసింది. ఎవరు కావాలండీ అంది. ఆమె వెనకాల వంటింట్లో బల్ల కనిపించింది, వేరే బల్ల.

ఏం లేదమ్మా, నేను రావాల్సింది, కాస్త ఆలస్యమైంది అని చెప్పి వచ్చేశాను.

నీ వదిన